తారుమారైన వేషాలు: స్టార్ ట్రెక్ నటీమణుల జ్ఞాపకాలు

1987 ఏప్రిల్ నాటి కాగితం ఒకటుంది. పారామౌంట్ స్టూడియోలో టైపు కొట్టిన కాస్టింగ్ జాబితా. అంతరిక్ష ఓడ కథల టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’లో ఏ పాత్రకి ఎవరెవర్ని అనుకుంటున్నారో అందులో రాసి ఉంటుంది. సీరియల్ చూసినవాళ్ళకి ఆ కాగితం చదువుతుంటే కళ్ళు తిరుగుతాయి. కౌన్సెలర్ ట్రాయ్ పాత్రకి ఎదురుగా డెనిస్ క్రాస్బీ పేరు. డాక్టర్ బెవర్లీ క్రషర్‌కి జెనీ ఆగటర్. జోర్డి లఫోర్జ్ వేషానికి సాక్షాత్తూ వెస్లీ స్నైప్స్. ఇక సెక్యూరిటీ చీఫ్ పేరు టాషా యార్ కానే కాదు, మాచా హెర్నాండెజ్. ఆ వేషానికి అనుకున్నవాళ్ళలో రోజలిండ్ చావ్, జూలియా నిక్సన్ కూడా ఉన్నారు. రోజలిండ్ చావ్ పేరు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

మన దేశంలో స్టార్ ట్రెక్‌ని దూరదర్శన్ రోజుల్లో కొందరు, స్టార్ ప్లస్ వచ్చాక కొందరు చూశారు. ఎవరు ఎప్పుడు చూసినా ఒక ఇబ్బంది మాత్రం ఉమ్మడిదే. చివర్లో పేర్లు పడేటప్పుడు చదివేలోపే అక్షరాలు మాయమయ్యేవి. అందుకే మనకి ఉహురా తెలుసు, ట్రాయ్ తెలుసు, జేన్‌వే తెలుసు. ఆ వేషాలు కట్టినవాళ్ళెవరో, వాళ్ళకా వేషాలు ఎలా దక్కాయో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసుకుని చూస్తే అవి వేరేగా కనిపిస్తాయి. పాత్ర ముందు పుట్టి దానికి తగిన నటిని వెతికారని అనుకుంటాం కదా, ఈ సీరియల్‌లో చాలాసార్లు జరిగింది దానికి తలకిందులు.

ముందు ట్రాయ్, టాషాల సంగతి. ‘ఏలియన్స్’ సినిమాలో వాస్క్వెజ్ అనే సైనికురాలి పాత్ర 1986లో అందరి నోళ్ళలో నానింది. ఆ పాత్ర వేసిన జెనెట్ గోల్డ్‌స్టీన్‌ని చూసే మాచా హెర్నాండెజ్‌ని రాసుకున్నారు. లాటిన్ అమెరికన్ మూలాలున్న, గట్టిపిండం లాంటి అమ్మాయి కావాలి. ఆడిషన్లలో మాచాకి మరీనా సర్టిస్, ట్రాయ్‌కి డెనిస్ క్రాస్బీ చదివారు. సర్టిస్ లండన్‌లో పుట్టిన గ్రీకు కుటుంబపు అమ్మాయి. నల్లటి కళ్ళు, వంపులు తిరిగిన నల్లటి జుట్టు. క్రాస్బీది బంగారు రంగు జుట్టు, తెల్లటి ఛాయ. పైగా ఆవిడ గాయకుడు బింగ్ క్రాస్బీ మనవరాలు. అంతా చూశాక నిర్మాత జీన్ రాడెన్‌బెరీకి ఒకరి వేషం ఇంకొకరికి ఇస్తే బాగుంటుందనిపించింది. వేషాలు మార్చేశాడు. బంగారు జుట్టు అమ్మాయికి హెర్నాండెజ్ అన్న ఇంటిపేరు ఎలా నప్పుతుంది? అక్కడ పుట్టింది టాషా యార్. ఆ కబురు వచ్చేసరికి సర్టిస్ అమెరికాలో ఉండే గడువు అయిపోవస్తోంది, ఇంగ్లండ్‌కి మూటాముల్లె సర్దుకుంటున్నారు.

ఆ మార్పు వల్ల ట్రాయ్‌కి లాభమే జరిగింది. క్రాస్బీ వేసి ఉంటే ట్రాయ్ చల్లగా, అంటీముట్టనట్టు ఉండేదేమో. సర్టిస్ కళ్ళకి నల్లటి కాంటాక్ట్ లెన్సులు పెట్టారు, ట్రాయ్ పుట్టిన బెటజాయిడ్ జాతివాళ్ళ కనుపాప పూర్తిగా నలుపన్నమాట. ఎక్కడిదో తెలియని యాసని సర్టిస్ తనే కూర్చుకున్నారు. తర్వాత ట్రాయ్ వాళ్ళమ్మ లక్సానా వేషంలో మేజల్ బారెట్ వచ్చి చక్కటి అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడేసరికి ఆ యాసకి ఆధారం లేకుండా పోయింది. మొదటి సీజన్ ఎపిసోడ్ ఒకటి, ఏడో సీజన్ ఎపిసోడ్ ఒకటి వెంటవెంటనే వినండి, యాస ఎంత కరిగిపోయిందో తెలుస్తుంది. దుస్తుల సంగతీ అంతే. ఏళ్ళ తరబడి బిగుతు గౌన్లలో తిప్పి, 1992 డిసెంబర్‌లో వచ్చిన ‘చెయిన్ ఆఫ్ కమాండ్’లో కొత్త కెప్టెన్ జెలికో చేత యూనిఫాం వేసుకోమని చెప్పించారు. ఆ యూనిఫాంలో ట్రాయ్ ఒక్కసారిగా అధికారిలా కనిపించింది. ఐదేళ్ళు ఎందుకు ఆగారో!

నష్టపోయింది టాషా. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్‌లో కెప్టెన్ పికార్డ్ వెనకాల నిలబడటం, రెండు మాటలు చెప్పడం తప్ప పని లేదని క్రాస్బీ మొదటి సీజన్‌లోనే తప్పుకున్నారు. ‘స్కిన్ ఆఫ్ ఈవిల్’లో తారు ముద్దలాంటి ఒక జీవి టాషాని ఊరికే, కారణం లేకుండా చంపేస్తుంది. వీరమరణం కాదు, పోయేటప్పుడు ఒక్క మాటా లేదు. వీడ్కోలు మాటలు చివర్లో, ముందే రికార్డు చేసి పెట్టుకున్న సందేశంలో వస్తాయి. అప్పట్లో అందరికీ ఒళ్ళు మండింది కానీ, సెక్యూరిటీ ఉద్యోగంలో చావంటే అలాగే ఉంటుంది. ఇక్కడో తమాషా ఉంది. ఆ ఎపిసోడ్ తీశాక ‘సింబయాసిస్’ తీశారు, ప్రసారంలో మాత్రం ‘సింబయాసిస్’ ముందు వచ్చింది. అంటే క్రాస్బీ నటించిన ఆఖరి రోజులు అందులో ఉన్నాయి. చివర్లో పికార్డ్, డాక్టర్ క్రషర్ సరుకుల గదిలోంచి బయటికి నడుస్తారు. వాళ్ళని కాకుండా వెనక చూడండి. తలుపులు మూసుకునే ముందు టాషా కెమెరా వైపు చెయ్యి ఊపుతుంది.

1990 ఫిబ్రవరిలో ‘ఎస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్’తో టాషా మారిన కాలంలో తిరిగొచ్చింది. ఆ తర్వాతి ఏడు టాషా కూతురు, రోములన్ అనే శత్రుజాతి సైన్యాధికారి సేలాగా వచ్చింది. ఈ కూతురి ఆలోచన రచయితలది కాదు, క్రాస్బీదే. వేషం లేదని వెళ్ళిపోయిన మనిషి తన వేషం తనే రాయించుకుని వచ్చారన్నమాట.

ఈ తారుమారు అలవాటు 1987లో మొదలైంది కాదు. 1964 చివర్లో మొట్టమొదటి స్టార్ ట్రెక్ సిరీస్ కోసం ‘ది కేజ్’ అనే మొదటి పైలట్ (నమూనా ఎపిసోడ్) తీసినప్పుడే ఉంది. డెసిలూ స్టూడియో తీస్తోంది, దాని యజమాని నటి లూసిల్ బాల్. ఆ పైలట్‌లో కెప్టెన్ తర్వాతి స్థానం, సిరీస్‌లో ఆ చోట కనిపించే స్పాక్‌ది కాదు, ‘నంబర్ వన్’ అని పిలిచే ఒక ఆడ మనిషిది. వేసింది మేజల్ బారెట్. నవ్వదు, బెదరదు, లెక్క తప్పదు. ఎన్‌బీసీ టీవీ ఛానెల్ వాళ్ళు ఆ పైలట్‌ని తిప్పికొట్టారు. ఆడది పెత్తనం చెయ్యడం వాళ్ళకి నచ్చలేదని రాడెన్‌బెరీ జీవితాంతం చెప్పాడు. స్టూడియోలో పనిచేసిన హెర్బర్ట్ సోలో తర్వాత రాసింది వేరు: అభ్యంతరం ఆ పాత్ర మీద కాదు, రాడెన్‌బెరీ తన ప్రియురాలికి ఆ వేషం ఇవ్వడం మీద. రెండోదే నమ్మబుద్ధి అవుతుంది. ఏమైతేనేం, ఆ పాత్ర పోయింది. ఆ నిబ్బరం, ఆ భావం లేని ముఖం స్పాక్‌కి వెళ్ళాయి. మనం తలచుకునే స్పాక్‌లో సగం నంబర్ వన్ అని మరిచిపోకూడదు.

‘ది కేజ్’ అనగానే ఆకుపచ్చ నర్తకి గుర్తొస్తుంది. సూసన్ ఆలివర్ వేసిన వీనా. ఆ రంగు కోసం ముందు మేజల్ బారెట్ ముఖానికే పచ్చరంగు పూసి కెమెరా టెస్ట్ తీశారు. మర్నాడు ల్యాబ్ నుంచి ప్రింట్ వస్తే ముఖం మామూలు చర్మం రంగులో ఉంది. ఇంకా చిక్కగా పూసి మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. మూడోసారీ అంతే. చివరికి ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, ల్యాబ్‌లో రంగులు సరిచేసే మనిషికి నెగటివ్‌లో పచ్చటి ముఖం కనిపించి, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, పాపం కష్టపడి దాన్ని మనిషి రంగుకి తెస్తున్నాడు. మేకప్ టెస్ట్‌కి పంపే రీలుతో పాటు ‘ఈ రంగు కావాలనే వేశాం’ అని చీటీ పెట్టకపోతే వచ్చే తిప్పలివి.

సిరీస్ ఖాయమయ్యాక మేజల్ బారెట్ జుట్టుకి బంగారు రంగు వేసుకుని నర్స్ చాపెల్‌గా దొడ్డిదారిన వచ్చేశారు. దాంతో కొత్త చిక్కు. 1966లో ‘ది కేజ్’ ఫుటేజీని ‘ది మెనేజరీ’ అనే రెండు భాగాల కథలో వాడుకున్నారు. నర్సూ ఆవిడే, పాత కథలో నంబర్ వనూ ఆవిడే అయితే ఎలా? పాత పైలట్‌లో ఆవిడ పేరు ఎం. లీ హ్యుడెక్ అని వేశారు, అసలు పేరులో సగం అది. ఆ తర్వాత ట్రాయ్ వాళ్ళమ్మ ఆవిడే, ఓడలో కంప్యూటర్ గొంతూ ఆవిడదే. వద్దన్న మనిషి గొంతు 2008లో చనిపోయేదాకా స్టార్ ట్రెక్‌లో వినిపిస్తూనే ఉంది.

ఉహురా వేషానికి నిషెల్ నికోల్స్ ఆడిషన్‌కి వెళ్ళినప్పుడు చదవడానికి ఆ పాత్రే లేదు. స్పాక్ డైలాగులు ఇచ్చి చదివించారు. ఆవిడ చేతిలో ‘ఉహురు’ అనే నవల ఉంది. స్వాహిలీలో ఆ మాటకి స్వేచ్ఛ అని అర్థం. పేరు అక్కణ్ణుంచి వచ్చింది. మొదట తీసిన ఒకటి రెండు ఎపిసోడ్లలో ఆవిడ దుస్తులు పసుపు రంగువి, ‘ది కోర్బొమైట్ మెనూవర్’ చూస్తే కనిపిస్తుంది. తర్వాతే ఎరుపు. నియోటా అన్న ముందు పేరు తెర మీద పలకడానికి 2009 సినిమా దాకా ఆగాల్సొచ్చింది. మొదటి సీజన్ అయ్యాక బ్రాడ్వే నాటకాలకి వెళ్ళిపోదామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ ఆపారని నికోల్స్ చాలాసార్లు చెప్పారు. 1977లో నాసా కోసం ఆవిడ ఊరూరా తిరిగి ఆడవాళ్ళనీ నల్లవాళ్ళనీ దరఖాస్తు చెయ్యమని చెప్పారు. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు ఆడవాళ్ళు. ఊపీ గోల్డ్‌బర్గ్ తనే అడిగి మరీ ‘నెక్స్ట్ జనరేషన్’లో గైనన్ వేషం వేయించుకోవడానికి కారణం చిన్నప్పుడు టీవీలో ఉహురాని చూడటమే. అంత పెద్ద నటి నోరు తెరిచి వేషం అడిగితే నిర్మాతలు ముందు నమ్మలేదు.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి. 1977లో పారామౌంట్ ‘స్టార్ ట్రెక్: ఫేజ్ టూ’ అని కొత్త టీవీ సిరీస్ తలపెట్టింది. సెట్లు వేశారు, స్క్రిప్టులు రాయించారు. అందులో ఓడ నడిపే ఇలియా పాత్రకి బొంబాయి పార్సీ అమ్మాయి పెర్సిస్ ఖంబాటాని తీసుకున్నారు. 1965లో మిస్ ఇండియా. ఇలియా డెల్టన్ జాతి మనిషి, ఆ జాతి ఆడవాళ్ళకి తల మీద వెంట్రుక ఉండదు. ఆడిషన్‌కి ఆవిడ గుండు టోపీ పెట్టుకుని వెళ్ళారు. వేషం ఖాయమైన కొద్ది రోజులకే టీవీ సిరీస్ రద్దయింది. అదే కథని పెంచి సినిమా తీస్తామని 1978 మార్చిలో ప్రకటించారు. ఫేజ్ టూకి తీసుకున్న కొత్త ముఖాల్లో తన వేషంతోనే సినిమాలోకి దాటింది పెర్సిస్.

ఈసారి టోపీ కుదరదు. రబ్బరు టోపీ అంచు నుదుటి మీద చర్మంలో కలిసే చోట సన్నటి గీత పడుతుంది, చెమట పడితే లేస్తుంది. చిన్న టీవీలో సర్దుకోవచ్చు కానీ వెండితెర మీద క్లోజప్‌లో దాచలేరు. అందుకని నిజంగానే గుండు గీశారు. గీసింది స్పాక్ చెవులు అతికించిన మేకప్ మనిషి ఫ్రెడ్ ఫిలిప్స్. గీస్తున్నంతసేపూ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఫొటోలు ఉన్నాయి. ఒక్కసారితో పోలేదు, షూటింగ్ 1978 ఆగస్టు నుంచి 1979 జనవరి దాకా నడిచింది, అన్నాళ్ళూ గీయించుకుంటూ ఉండాల్సిందే. మన దేశంలో మొక్కు తీర్చుకోడానికి గుండు కొట్టించుకుంటే ఎవరూ తిరిగి చూడరు. హాలీవుడ్‌లో ఒక అందాల రాణి ఆ పని చేస్తే పత్రికలన్నీ అదే రాశాయి. 1980లో ఆస్కార్ వేదిక మీద విలియం షాట్నర్‌తో కలిసి బహుమతి ఇచ్చేనాటికి జుట్టు పెరిగింది. 1998 ఆగస్టులో, యాభై నిండకుండానే, పుట్టిన ఊళ్ళోనే పోయారు.

టీవీకి రాని ఆ ఇలియాయే పదేళ్ళ తర్వాత ట్రాయ్ అయింది. ఎదుటివాళ్ళ మనసు పసిగట్టే అమ్మాయి, ఓడలో రెండో అధికారితో పాత ప్రేమ. పోల్చి చూస్తే అచ్చు అదే. జుట్టు మాత్రం ఇచ్చారు. మనవాళ్ళ లెక్క అక్కడితో ఆగలేదు లెండి. 1986 స్టార్ ట్రెక్ సినిమాలో ఒక ఓడ కెప్టెన్‌గా మన టెన్నిస్ విజయ్ అమృతరాజ్ కనిపిస్తాడు. 2002లో ‘ఎంటర్‌ప్రైజ్’ సిరీస్‌లో చెన్నైలో పుట్టిన పద్మాలక్ష్మి రాకుమారి లాంటి వేషం వేశారు. ఆ ఎపిసోడ్ పేరు ‘ప్రెషస్ కార్గో’. పద్మాలక్ష్మి కోసం తప్ప చూడక్కర్లేదు.

డాక్టర్ల మార్పిడి గురించి రెండు ముక్కలు. ‘నెక్స్ట్ జనరేషన్’ మొదటి సీజన్ తర్వాత డాక్టర్ క్రషర్ వేసిన గేట్స్ మెక్‌ఫాడెన్‌ని తీసేసి డయానా మల్డార్‌ని డాక్టర్ పులాస్కీగా తెచ్చారు. మల్డార్ 1968లో పాత సిరీస్‌లో రెండు వేర్వేరు పాత్రలు వేసిన మనిషి, మంచి నటి. ఓడలో పనిచేసే మరమనిషి డేటాని యంత్రంలా చూసి కసిరే పాత్ర రాస్తే ప్రేక్షకులకి ఎలా నచ్చుతుంది? పాత సిరీస్‌లో డాక్టర్ మెకాయ్, స్పాక్‌ల చిటపటలు మళ్ళీ తెద్దామనుకున్నారు. స్పాక్ అయితే మాటకి మాట అప్పజెప్పేవాడు, డేటా పసిపిల్లాడు. పసివాణ్ణి కసిరినట్టయింది. తప్పు మల్డార్‌ది కాదు. మూడో సీజన్‌కి మెక్‌ఫాడెన్ వెనక్కి వచ్చారు.

‘డీప్ స్పేస్ నైన్’ సిరీస్‌లో ఒక ముఖ్యపాత్ర కూడా ఒకరు కాదనడం వల్ల పుట్టిందే. ‘నెక్స్ట్ జనరేషన్’లో మిషెల్ ఫోర్బ్స్ వేసిన రో లారెన్‌ని ఆ సిరీస్‌కి తీసుకెళ్దామనుకున్నారు. ఏళ్ళ తరబడి ఒకే సిరీస్‌కి కట్టుబడి ఉండనన్నారావిడ. అప్పుడు కీరా నెరీస్‌ని కొత్తగా రాసి నానా విజిటర్‌కి ఇచ్చారు. జాడ్జియా డాక్స్ వేసిన టెరీ ఫారెల్ షూటింగ్ మొదలయ్యాక దొరికారు. డాక్స్ పుట్టిన ట్రిల్ జాతికి అంతకుముందు ‘నెక్స్ట్ జనరేషన్’ ఎపిసోడ్ ‘ది హోస్ట్’లో నుదుటి మీద రబ్బరు ముద్ద ఉండేది. అదే ఫారెల్‌కి అతికించి చూస్తే అంత అందమైన ముఖం పాడైపోయింది. మేకప్ మనిషి మైకేల్ వెస్ట్‌మోర్ ఆ ముద్ద తీసేసి, ‘ది పర్ఫెక్ట్ మేట్’లో ఫామ్కే జాన్సెన్‌కి వేసిన మచ్చల్ని నుదుటి నుంచి మెడ మీదుగా వేశాడు. అచ్చు అద్దడం కాదు, ప్రతిసారీ కుంచెతో చేత్తో వేసినవే. అందుకే ఏ రెండు ఎపిసోడ్లలోనూ మచ్చలు ఒక్కలా ఉండవు.

‘వోయేజర్’ సిరీస్ కెప్టెన్ జేన్‌వే కథ అందరికీ తెలిసిందే. 1994 సెప్టెంబర్‌లో కెనడా సినిమా నటి జెనెవియెవ్ బూజోల్డ్‌తో షూటింగ్ మొదలైంది. ఒకటిన్నర రోజుకే వెళ్ళిపోయారు. తర్వాత బయటికొచ్చిన ఆ ముక్కలు చూస్తే గొంతు పెంచకుండా, లోలోపల నటిస్తూ కనిపిస్తారు. సినిమాకి అది గొప్ప. కానీ ఎపిసోడ్‌కి ఏడెనిమిది రోజులు, పేజీలకి పేజీలు సాంకేతిక డైలాగులు, ఏడాదికి ఇరవై ఆరు ఎపిసోడ్లు తీసే చోట ఆ పద్ధతి నడవదు. ‘నెక్స్ట్ జనరేషన్’లో లియా బ్రామ్స్‌గా మనకి తెలిసిన సూసన్ గిబ్నీకి టెస్టులు తీసి, వయసు చాలదని వదిలేశారు. కేట్ మల్‌గ్రూ వచ్చారు. అప్పుడూ స్టూడియో పెద్దలకి జుట్టు నచ్చలేదు. ముడి వేయించి, తీసిన సీన్లే మళ్ళీ తీశారు. మగ కెప్టెన్లలో పికార్డ్ బట్టతలని వదిలేసిన స్టూడియో, ఆడ కెప్టెన్ కొప్పు దగ్గర మాత్రం ఇన్నిసార్లు ఆగింది.

నాలుగో సీజన్‌కి, అంటే 1997లో, సెవెన్ ఆఫ్ నైన్ అనే కొత్త పాత్ర వచ్చింది. జెరీ రయన్ ఆ వేషాన్ని వద్దని చాలాసార్లే చెప్పి చివరికి ఒప్పుకున్నారు. దుస్తుల రూపకర్త రాబర్ట్ బ్లాక్‌మన్ కుట్టించిన మొదటి వెండిరంగు సూట్ తెర మీద బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల కార్సెట్, మెడ చుట్టూ గట్టి పట్టీ. ఆ పట్టీ మెడలో రక్తనాళాన్ని నొక్కడంతో ఆవిడ సెట్‌లోనే సొమ్మసిల్లేవారు. తర్వాత మెడ దగ్గర మార్చి వేరే రంగుల్లో కుట్టారు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఇంకొకరి సాయంతో విప్పుకుని తొడుక్కోవాలి, అంతసేపూ షూటింగ్ ఆగాలి. అంత బిగుతు సూట్‌లో, ముఖంలో ఒక్క కండరం కదలనివ్వకుండా, ఆవిడ నటించిన నటన సూట్ గోలలో పడి సగం మందికి కనపడలేదు. అదే అన్యాయం.

ఇక వేషం మధ్యలో నటికి కడుపు వస్తే ఏం చేస్తారన్నది. మూడు సిరీసుల్లో మూడు దారులు తొక్కారు. 1991లో మెక్‌ఫాడెన్‌కి కడుపైతే పొడుగాటి నీలం కోటు తొడిగారు, బల్లల వెనక నిలబెట్టారు, భుజాల నుంచి పైకే చూపించారు. ‘ది హోస్ట్’ మొత్తం అలా తీసిందే. డాక్టరు కాబట్టి కోటు అతికింది. 1996లో నానా విజిటర్ వంతు వచ్చింది. కీరా సైనికురాలు, దాచడం కష్టం. అందుకని కథలోకే తెచ్చేశారు: ఓడ ప్రమాదంలో చిక్కుకున్న, తోటి అధికారి ఓబ్రయన్ భార్య అయిన కీకో కడుపులోని బిడ్డని డాక్టర్ బషీర్ కీరా కడుపులోకి మారుస్తాడు. ఆ డాక్టర్ వేషం వేసిన అలెగ్జాండర్ సిద్ధిగ్ అసలు బిడ్డకి తండ్రి! కథలో డాక్టర్‌ని ‘ఇదంతా నీ వల్లే’ అని కీరా విసుక్కున్నప్పుడు సెట్‌లో ఎంత నవ్వుకున్నారో. ఇంతకీ బిడ్డని ఇచ్చిన ఆ కీకో ఎవరనుకున్నారు? 1987 జాబితాలో మాచా హెర్నాండెజ్ పక్కన పేరున్న రోజలిండ్ చావ్. ఆ జాబితాలోని జూలియా నిక్సన్ కూడా ‘ది ఆర్సెనల్ ఆఫ్ ఫ్రీడమ్’లో ఒక ఎన్‌సైన్‌గా (చిన్న అధికారిగా) వచ్చి వెళ్ళారు.

మూడోది ‘వోయేజర్’లో బెలానా టోరెస్ వేసిన రాక్సాన్ డాసన్. ఇంజినీర్ కాబట్టి పనిముట్లు పెట్టుకునే జేబులున్న కోటు ఒకటి యూనిఫాం మీద తొడిగారు. నాలుగో సీజన్‌లో ఆ కోటు హఠాత్తుగా ఎందుకొచ్చిందో, తర్వాత ఎందుకు పోయిందో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు. కోటు లేకుండా ఆ కడుపు కనిపించేది 1998లో వచ్చిన ‘ది కిల్లింగ్ గేమ్’లో మాత్రమే. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఫ్రాన్స్ హోలోడెక్‌లో (ఉత్తుత్తి లోకాన్ని నిజంలా సృష్టించే గదిలో) నడుస్తుంటుంది, బెలానాకి అందులో కడుపుతో ఉన్న అమ్మాయి వేషం. అసలు ఎవరో గుర్తొచ్చాక తోటివాళ్ళు ఆ కడుపు వైపు విచిత్రంగా చూస్తారు. కథ ప్రకారం ఆ ఒక్కటీ హోలోగ్రామ్.